పోప్ పేరు మోసిన దీనారు: నాణెం మీది మాటను చదివే పద్ధతి

ఇస్లామీయ చరిత్రను గురించి జరిగే ఉపన్యాసాలలోనూ, వెలువడే చిన్న పుస్తకాలలోనూ ఒక బంగారు నాణెం ప్రస్తావన అప్పుడప్పుడు వస్తూ ఉంటుంది. అది ఇంగ్లండులోని మెర్సియా రాజ్యాన్ని క్రీ.శ. 757 నుండి 796 వరకు పాలించిన ఓఫా అనే రాజు పేరిట వెలువడిన దీనారు. దాని మీద అరబ్బీలో కలిమా ఉంది. 'ఓఫా రెక్స్', అంటే 'ఓఫా రాజు' అని లాటిను లిపిలో రాజు పేరూ ఉంది. ఈ రెంటినీ కలిపి, ఇంగ్లండు రాజు ఆ రోజులలోనే ఇస్లాం స్వీకరించాడనీ, చర్చి ఆ సంగతిని కప్పిపుచ్చిందనీ చెప్పేవారున్నారు. వినేవారికి ఆ మాట సంతోషం కలిగిస్తుంది. సంతోషం కలిగించే మాటను పరీక్షించేవారు తక్కువ.

నాణెం నకిలీది కాదు. అది లండనులోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. సందేహం నాణేన్ని గురించి కాదు, దానిని చదువుతున్న పద్ధతిని గురించి. నాణెం మీది మాట విశ్వాస ప్రకటన అవుతుందా? కాకపోతే అది దేనికి సాక్ష్యం? సమాధానం దొరకాలంటే ఓఫా దీనారు పక్కన మధ్యయుగపు మరికొన్ని నాణేలను పెట్టి చూడాలి. ముఖ్యంగా పోప్ అధికారాన్ని చాటుతూ అరబ్బీ లిపిలోనే వెలువడిన క్రైస్తవ బంగారు నాణేలను చూడాలి. వాటిని గురించి తెలుగులో చర్చ జరిగింది చాలా తక్కువ.

తలకిందులైన పేరు

ఓఫా దీనారుకు మాతృక అబ్బాసీ ఖలీఫా అల్ మన్సూర్ కాలపు దీనారు. అది హిజ్రీ 157వ సంవత్సరంలో, అంటే క్రీ.శ. 773-74లో వేసినది. ఆ సంవత్సరం కూడా నకలు మీదికి అలాగే ఎక్కింది. చెక్కినవాడికి అరబ్బీ రాదనడానికి అక్షరాలలోని తడబాట్లే నిదర్శనం. అంతకన్న గట్టి నిదర్శనం మరొకటి ఉంది. అరబ్బీ పంక్తులను నిటారుగా పట్టుకుంటే రాజు పేరు తలకిందులుగా కనిపిస్తుంది. కలిమా అర్థం గ్రహించి దానిని తన విశ్వాసంగా లోకానికి చాటదలచిన రాజు, దైవప్రవక్త (స) పేరున్న పంక్తుల నడుమ తన పేరును తలకిందులుగా ఇరికించనిస్తాడా?

ఈ నాణేనికీ రోముకూ ఒక సంబంధం చెప్పబడుతోంది. ఏటా 365 మాంకసులు, అంటే రోజుకు ఒకటి చొప్పున, రోములోని పేదల కోసమూ సెయింట్ పీటర్ చర్చి దీపాల కోసమూ పంపుతానని ఓఫా మొక్కుకున్నట్లు 798లో పోప్ మూడవ లియో రాసిన ఉత్తరం తెలుపుతుంది. మాంకసు అంటే ఆనాడు ఐరోపాలో బంగారు దీనారుకూ దాని విలువకూ వాడిన పేరు. 'చెక్కబడినది' అని అర్థమిచ్చే 'మన్ఖూష్' అనే అరబ్బీ పదం నుండే ఆ పేరు పుట్టిందని కొందరు పండితుల అభిప్రాయం. ఓఫా నాణెం 19వ శతాబ్దంలో రోము నగరంలోనే కొనుగోలుదారు చేతికి వచ్చింది. కనుక అది ఆ మొక్కుబడి సొమ్ములోనిదే కావచ్చునని కొందరు ఊహించారు. కాదు, వర్తకం కోసం వేసినదని మరికొందరు వాదించారు.

ఏ పక్షం నిజమైనా ఓఫా ముస్లిం అన్న వాదానికి బలం చేకూరదు. మొదటిదే నిజమైతే, ఆ వాదం మరింత తేలిపోతుంది. ఇస్లాం స్వీకరించిన రాజు సెయింట్ పీటర్ దీపాలకు నూనె ఖర్చు పంపడు.

ఇదే కొలబద్ద గోదావరి గడ్డ మీద

ఒక కొలబద్ద సరియైనదా కాదా అని తేల్చుకోవడానికి సులువైన మార్గం దానితో సొంత ఇంటిని కొలిచి చూడడం. 'నాణెం మీది గుర్తు ఏ మతానిదైతే, దానిని వేయించినవాడూ, చెలామణి చేసినవాడూ ఆ మతస్థులే' అన్నదే సూత్రమైతే, ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి ప్రాంతాల చరిత్రను ఎలా చదవాలి?

నేటి ఏలూరు జిల్లాలోని పెదవేగి ఒకనాటి వేంగి. ఆ పేరుతోనే వ్యవహరింపబడిన రాజ్యాన్ని ఏలిన తూర్పు చాళుక్యులలో శక్తివర్మ, రాజరాజ నరేంద్రుడు 11వ శతాబ్దంలో పలుచని వెడల్పాటి బంగారు నాణేలు వేయించారు. మధ్యలో వరాహం, చుట్టూ రాజు పేరు లేదా బిరుదు. సముద్రం దాటి అరకాన్ తీరంలోని చెదూబా ద్వీపంలోనూ, సయాం దేశంలోనూ ఆ నాణేలు దొరికాయి. అక్కడ వాటిని దాచుకున్నవారందరూ చాళుక్యుల కులదైవాన్ని కొలిచారని ఎవరూ అనరు. తెలుగు శాసనాలలో కనిపించే 'రాజరాజ మాడ' అన్న మాటకు విలువ రాజు పేరు వల్ల మాత్రమే రాలేదు, అందులోని బంగారం వల్ల వచ్చింది.

తరువాతి కాలంలో ఈ సీమ గోల్కొండ ఏలుబడిలోకి వచ్చింది. కుతుబ్ షాహీ సుల్తానులు తమ పేర్లతో ప్రధానంగా రాగి నాణేలు వేయించారు. బంగారంలో చెలామణి అయినది విజయనగర కాలం నుండి వస్తున్న హొన్ను, వరహాల బాణీయే. ఆ పేరే వరాహమూర్తిని గుర్తు చేస్తుంది. మైసూరును ఏలిన హైదర్ అలీ 1763లో బిదనూరును జయించిన తరువాత శివపార్వతుల బొమ్మ ఉన్న వరహాలను వేయించాడు. రెండవ వైపు తన పేరులోని మొదటి అరబ్బీ అక్షరాన్ని ఉంచాడు. అంతకు చాలా ముందు ముహమ్మద్ ఘోరీ పేరు నాగరి లిపిలో ఉండగా, మరో వైపు లక్ష్మి కూర్చుని ఉన్న బంగారు నాణేలు ఉత్తర భారతంలో వెలువడ్డాయి. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ మద్రాసులో వేసిన 'మూడు స్వాముల' వరహా మీద దేవేరులతో కూడిన వేంకటేశ్వరస్వామి బొమ్మ ఉంది. 1818లో మద్రాసు రాజధానిలో వెండి రూపాయి ప్రమాణమయ్యేదాకా కంపెనీ లెక్కలు వరహాలలోనే నడిచాయి. కంపెనీ దొరలు వైష్ణవులైనారా?

ఇంత దూరం పోనవసరం కూడా లేదు. గోదావరి జిల్లాల స్త్రీలు ధరించే కాసులపేరులో ఒకప్పుడు ఇంగ్లండు సావరిన్ కాసులు గుచ్చేవారు. వాటి మీద ఒక వైపు ఇంగ్లండు రాణి లేదా రాజు తల, మరో వైపు గుర్రమెక్కి ఘటసర్పాన్ని పొడుస్తున్న క్రైస్తవ వీరుడు సెయింట్ జార్జి. దానిని మెడలో వేసుకున్న ఇల్లాలు ఏ మతస్థురాలైనా చూసింది కాసు తూకాన్ని, మేలిమిని. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్టులో దిగే మహారాష్ట్ర సరుకును కూడా సంచి మీది అక్షరాలు చదివి ఎవరూ కొనరు.

హైదర్ అలీ శైవుడు కాడని ఒప్పుకునే పాఠకుడు ఓఫా ముస్లిం కాడని కూడా ఒప్పుకోవలసిందే. ఒకే తక్కెడలో రెండు రకాల రాళ్ళు పనికిరావు.

టొలేడోలో 'ఇమామ్'

అయితే నాణెం మీది మాటకు ఎన్నడూ అర్థం ఉండదా? అలా అనడం కూడా తొందరపాటే. చెక్కినవాడికీ, చదివేవాడికీ భాష తెలిసినప్పుడు పరిస్థితి పూర్తిగా మారిపోతుంది. స్పెయినులోని కాస్టిలియా రాజు ఎనిమిదవ ఆల్ఫోన్సో వేయించిన బంగారు నాణెం ఇందుకు ఉదాహరణ.

అందలూసియాలో మురాబితు రాజవంశీకుల దీనార్లు చాలాకాలం క్రైస్తవ రాజ్యాలలో కూడా చెలామణి అయ్యాయి. స్పెయిను నాణెం పేరు 'మరవేది' ఆ 'మురాబితీ' నుండి వచ్చినదే. మురాబితుల రాజ్యం పతనమైన తరువాత కూడా ముర్సియా పాలకుడు ఇబ్న్ మర్దనీష్ ఆ బాణీ దీనార్లనే వేయించాడు. 1172లో అతడు మరణించడంతో ఆ బంగారం రావడం ఆగిపోయింది. 1174 ప్రాంతంలో ఆల్ఫోన్సో తన టొలేడో టంకశాలలో స్వయంగా దీనార్లు వేయించడం మొదలుపెట్టాడు. టొలేడో 1085లోనే క్రైస్తవుల వశమైంది. అయినా అక్కడి క్రైస్తవులలో చాలామంది ఇంకా అరబ్బీలోనే దస్తావేజులు రాసుకుంటున్నారు. కనుక ఈ నాణేన్ని చదవగలిగినవారు ఆ ఊరి సంతలోనే ఉన్నారు.

మురాబితు దీనారు మీద ఉన్నవేమిటి? కలిమా ఉంది. ఇస్లాం తప్ప మరో ధర్మం అంగీకరింపబడదని తెలిపే ఆలి ఇమ్రాన్ సూరాలోని 85వ ఆయతు అంచున ఉంది. 'అల్ ఇమామ్ అబ్దుల్లాహ్, అమీరుల్ మూమినీన్' అని అబ్బాసీ ఖలీఫాను సూచించే మాటలున్నాయి.

ఆల్ఫోన్సో నాణెం ఈ చట్రాన్ని చెక్కుచెదరనివ్వలేదు. ఒక వైపు శిలువ గుర్తు, 'క్రైస్తవ చర్చికి ఇమామ్ పోప్' అనే భావం గల అరబ్బీ వాక్యం. ఖుర్ఆన్ వాక్యం ఉండే అంచులో పిత, పుత్ర, పరిశుద్ధాత్మల నామమూ, నమ్మి బాప్తిస్మం పొందినవాడికి రక్షణ కలదనే మార్కు సువార్త వాక్య భావమూ. రెండవ వైపు 'అమీరుల్ ఖతూలిఖీన్', అంటే కతోలికుల అమీరు, సాంచో కుమారుడు ఆల్ఫోన్సో. అల్లాహ్ అతడికి అండగా నిలుచుగాక అనే ప్రార్థన.

ఇక్కడ జరిగింది నకలు కాదు, అనువాదం. నిజానికి అనువాదం కన్న నిశితమైన పని. ఇమామ్ పదవి అలాగే ఉంది, అందులో కూర్చున్న వ్యక్తి మారాడు. అమీరు బిరుదు అలాగే ఉంది, అతడి వెనుక నిలిచిన సమాజం మారింది. మోక్షం ఏ మార్గంలో ఉందో తేల్చిచెప్పే ఖుర్ఆన్ వాక్యం స్థానంలో, అదే విషయాన్ని క్రైస్తవ పక్షాన తేల్చిచెప్పే వాక్యాన్నే ఏరి పెట్టారు. ఈ ఎంపిక చేసినవాడికి రెండు మతాల మాటలూ తెలుసు. 'చర్చి' అన్న అర్థంలో అతడు వాడిన 'బీఅ' అనే పదం బహువచన రూపంలో ఖుర్ఆన్ హజ్ సూరాలోని 40వ ఆయతులో కనిపిస్తుంది.

ఈ నాణెం పోప్ ఆజ్ఞతో రోములో వేసినది కాదు. అయినా పోప్ అధికారాన్ని బంగారం మీద ఇంత స్పష్టంగా అరబ్బీలో చాటిన నాణెం మరొకటి దొరకడం కష్టం. 1976లో ప్రత్యేక మేత్రాసనంగా ఏర్పడిన ఏలూరులోని కతోలికులు తమ మతగురువుల పరంపరకు అధిపతిగా భావించే పోప్‌ను, ఎనిమిది వందల ఏళ్ళ క్రితం అరబ్బీ మాట్లాడే క్రైస్తవులు 'ఇమామ్' అన్నారు. అందువల్ల పోప్ ముస్లిం కాలేదు, 'ఇమామ్' అన్న మాటకు అపచారమూ జరగలేదు. తమకు తెలిసిన భాషలో తమ నమ్మకాన్ని చెప్పుకున్నారు, అంతే.

ఏకరులో ఆక్షేపణ

పోప్‌లు ఈ విషయాన్ని ఎలా చూశారన్నది వేరే ప్రశ్న. దానికి సమాధానం పాలస్తీనా తీరంలోని ఏకరు నగరంలో దొరుకుతుంది. శిలువ యుద్ధ వీరులు అక్కడ ఫాతిమీ దీనార్లకు నకళ్ళు వేసి దశాబ్దాల తరబడి వర్తకం చేశారు. అయ్యూబీల వెండి దిర్హములకూ నకళ్ళు వేశారు. వాటి మీద దైవప్రవక్త (స) పేరు, హిజ్రీ సంవత్సరం మామూలుగా ఉండేవి. 1250లో ఫ్రాన్సు రాజు తొమ్మిదవ లూయీతో వచ్చిన పోప్ ప్రతినిధి ఓడో ఆ సంగతి గ్రహించి, అలాంటి నాణేలు వేసేవారికి బహిష్కార శిక్ష ప్రకటించాడు. 1253 ఫిబ్రవరిలో పోప్ నాలుగవ ఇన్నోసెంట్ దానిని ఉత్తరం ద్వారా ధ్రువపరిచాడు. ఆ ఉత్తరంలో హిజ్రీ సంవత్సరాలను ప్రవక్త (స) జననం నుండి లెక్కించేవిగా పేర్కొన్నారు. నిషేధించినవారికే నిషేధించిన మాట సరిగా అర్థం కాలేదన్నమాట.

ఫలితం గమనించదగినది. ఏకరు టంకశాల అరబ్బీని వదలలేదు. 1251వ సంవత్సరపు నాణేల మీద శిలువ చుట్టూ త్రిత్వాన్నీ, ఏకదేవుణ్ణీ పేర్కొనే అరబ్బీ వాక్యాలు వచ్చాయి. సంవత్సరం హిజ్రీ నుండి క్రీస్తు శకానికి మారింది, అదీ అరబ్బీ మాటలలోనే. చర్చికి అభ్యంతరం విశ్వాసం మీద, వర్తకులకు అవసరం అరబ్బీ రూపు మీద. ఇద్దరికీ చెల్లింది. 1266లో పోప్ నాలుగవ క్లెమెంటు దక్షిణ ఫ్రాన్సులోని మాగెలోన్ బిషప్పును ఇదే విషయమై మందలించవలసి వచ్చింది. ఆ బిషప్పు ఆధ్వర్యంలో దైవప్రవక్త (స) పేరున్న వెండి నాణేలు తయారవుతున్నాయి.

ఇక పోప్‌లు స్వయంగా బంగారు నాణేలు వేయించినప్పుడు ఏమి చేశారు? 1322లో అవిన్యాన్ నుండి పాలించిన పోప్ ఇరవై రెండవ జాన్ వేయించిన నాణెం, ఫ్లోరెన్సు నగరం 1252 నుండి వేస్తున్న ఫ్లోరినుకు అనుకరణ. 14వ శతాబ్దంలోనే రోము సెనేటు పేరిట వెలువడిన డుకాటు, 1284లో మొదలైన వెనీసు డుకాటుకు అనుకరణ. ఆ వెనీసు డుకాట్లే ఎర్ర సముద్రం మీదుగా దక్షిణ భారతానికీ చేరాయి. సెయింట్ పీటర్ వారసులకు కూడా సంతలో పరపతి ఉన్న రూపమే కావలసివచ్చింది.

ఇలాంటి జంకు ముస్లిం పక్షాన కూడా ఉన్నది. ఖుర్ఆన్ వాక్యాలున్న దిర్హములను హజ్జాజ్ వేయించినప్పుడు, అశుద్ధావస్థలో ఉన్నవారి చేతులకు అవి తగులుతాయని ధర్మవేత్తలు కొందరు అభ్యంతరం చెప్పారు. వాటికి 'మక్రూహ్' దిర్హములన్న పేరు మిగిలింది. మొగలు చక్రవర్తి ఔరంగజేబు సింహాసనమెక్కిన తరువాత నాణేల మీద కలిమా ముద్రించడం మాన్పించాడు. పవిత్ర వాక్యం అపవిత్రం కారాదన్నదే కారణం. కలిమా లేని నాణెం వేయించినందుకు ఔరంగజేబు విశ్వాసాన్ని ఎవరూ శంకించలేదు. కలిమా ఉన్న నాణెం వేయించినందుకు ఓఫాను ముస్లిముగా లెక్కించడం ఏమి న్యాయం?

'అవ్యక్తం', 'అవతారం'

భాష మారినప్పుడు విశ్వాసానికి ఏమవుతుందో తెలిపే నాణెం ఈ దేశంలోనే ఉంది. అది బంగారం కాదు, వెండి టంకం. మహమూద్ గజ్నవీ పేరిట హిజ్రీ 418, 419 సంవత్సరాలలో (క్రీ.శ. 1027-28) లాహోరులో వెలువడింది. ఒక వైపు అరబ్బీలో కలిమా, మరో వైపు దానికి సంస్కృతం: 'అవ్యక్తమ్ ఏకం, ముహమ్మద అవతార, నృపతి మహమూద'. బిస్మిల్లాహ్‌కు బదులు 'అవ్యక్తుని పేరిట' అన్న భావం గల మాటలు.

స్థానిక ప్రజలకు అర్థం కావాలన్న ఉద్దేశం మెచ్చుకోదగినది. అనువాదంగా మాత్రం ఇది నిలవదు. కలిమాకు ప్రాణం నిరాకరణలో ఉంది. మొదట 'లేడు' అని, తరువాత 'తప్ప' అంటుంది. సంస్కృతంలో ఆ నిరాకరణ పూర్తిగా పోయింది. 'అవ్యక్తం ఒక్కటే' అన్న తత్త్వవాక్యం మిగిలింది. అంతకన్న పెద్ద చిక్కు 'అవతార' పదం. అవతారం అంటే దైవం దిగిరావడం. రసూల్ అంటే దైవం పంపిన మనిషి. ఒకటి మరొకటి కాజాలదు. టొలేడోలో మాటలు కూర్చినవాడు ఎదుటివారి పదాలలో తన విశ్వాసాన్ని నిలుపుకున్నాడు. లాహోరు పండితుడు ఎదుటివారి పదాలలో తనకు అప్పగించిన విశ్వాసాన్ని జారవిడిచాడు.

దీన్ని ఆధారం చేసుకుని మహమూద్ అవతారవాదాన్ని అంగీకరించాడని ఎవరైనా అంటే, ఆ వాదం ఓఫా కథకు అచ్చంగా జతపడుతుంది. రెండింటిలోనూ టంకశాల పనివాడి మాటను పాలకుడి అంతరంగంగా చదవడమే జరుగుతున్నది.

తెలుగులో ఇస్లామీయ సాహిత్యం రాసేవారికి ఈ టంకం చెప్పే పాఠం మరింత దగ్గరిది. 'అల్లాహ్ తప్ప వేరే ఆరాధ్యుడు లేడు' అన్న తెలుగు వాక్యం వరుసను తలకిందులు చేసింది. అరబ్బీలో ముందున్న నిరాకరణ తెలుగులో చివరికి వచ్చింది. కాని పోలేదు. వాక్యం మొత్తం ఆ 'లేడు' మీదనే నిలిచింది. వరుస మారినా సారం దక్కింది. 'ప్రవక్త' అన్న పదం తెలుగు క్రైస్తవులూ వాడేదే. నబీకి, రసూల్‌కు మధ్య ఉన్న భేదం అందులో కనిపించదు. అయినా అది మనిషిని మనిషిగానే నిలుపుతుంది. అందుచేత 'అవతారం' చేసిన హాని అది చేయదు. అవసరమైన చోట 'సందేశహరుడు' అంటే ఆ లోటూ తీరుతుంది. పరిచితమైన పదాన్ని తీసుకోవడంలో తప్పు లేదు. ఆ పదం వెంట ఏమి వస్తున్నదో చూసుకోకపోవడమే తప్పు.

అసలు సాక్ష్యం

ఇకముందు ఏ నాణేన్ని సాక్ష్యానికి పిలిచినా మూడు ప్రశ్నలు వేయడం మేలు. చెక్కినవాడికి ఆ భాష వచ్చునా? చేతిలో పట్టుకున్నవాడు దానిని చదవగలడా? ఆ మాట ఉన్న చోట అంతకు ముందు ఏ మాట ఉండేది? ఓఫా నాణెం మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది. ఆల్ఫోన్సో నాణెం మూడింటికీ నిలబడి జవాబు చెబుతుంది.

అంతమాత్రాన ఓఫా దీనారు ముస్లిం పాఠకునికి పనికిరానిది కాదు. అది ఒక రాజు మతం మారిన కథ చెప్పదు. అంతకన్న విలువైన విషయం చెబుతుంది. అబ్బాసీ దీనారు సుమారు 4.25 గ్రాముల మేలిమి బంగారం. ఆ తూకం మీద ఎంత నమ్మకం ఉండేదంటే, అక్షరం ముక్క అర్థం కాని దూరదేశపు పనివాడు కూడా ఆ రాతను ఉన్నదున్నట్లు దించవలసివచ్చింది. ఆ రాత లేకపోతే సంతలో బంగారం చెల్లదన్న భయం అతడిది. కొలతలలో తగ్గించేవారిని హెచ్చరిస్తూ ముతఫ్ఫిఫీన్ అనే సూరాయే ఉన్న సమాజం తన తక్కెడతో సంపాదించుకున్న గౌరవం అది. ఏలూరు బజారులోనైనా, తాడేపల్లిగూడెం మార్కెట్టులోనైనా తూకం రాయి పట్టుకున్న ముస్లిం వర్తకుడికి ఓఫా నాణెం చెప్పవలసిన మాట ఇదే. లేని ముస్లిం రాజును చూసి గర్వించడం కన్న, ఉన్న తూకాన్ని కాపాడుకోవడం మేలు.